ఉరుకుందప్ప బండికి ముందు బ్రేకులు

మా బావ ఉరుకుందప్ప ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య బాడుగ కారు నడిపేవాడు. నడపడం ఒక్కటే ఆయన చేతిలో ఉండేది. ఆపడం మాత్రం ఆ దారిలో ఎన్ని గుళ్లున్నాయో అన్ని గుళ్ల దేవుళ్లూ కలిసి చేయాల్సిన పని. యుద్ధానికి ముందెప్పుడో దిగిన అమెరికా బండి అది. దాని బ్రేకులకు పొడుగాటి ఇనుప కడ్డీలు. పెడలు తొక్కితే ఆ కడ్డీలు లాగి చక్రాలను పట్టుకోవాలి. ఏళ్లు గడిచి కడ్డీలు సాగి, అతుకులు అరిగిపోయి, కాలు తొక్కిన సంగతి చక్రానికి తెలిసేసరికి బండి ఇంకో ఊరి పొలిమేరలో ఉండేది. ఎమ్మిగనూరులో ఆపాలంటే అంతకు ముందొచ్చే కోటేకల్లు దగ్గరే తొక్కడం మొదలుపెట్టేవాడని చెబితే జనం నవ్వుతారు. అలా నవ్వేవాళ్లెవరూ ఆ బండిలో ముందు సీట్లో కూర్చున్నవాళ్లు కారు.

ఒక ఏడు ఎమ్మిగనూరు జాతరలో ఆ బండి గాజుల అంగడి గుడారంలోకి ఈ పక్క దూరి ఆ పక్క తేలింది. గుడారం గుడ్డ పైన పరుచుకుని, లోపలున్న ఏడుగురూ పెళ్లి పల్లకిలో ఊరేగినట్టు ఊరి చివరిదాకా పోయారు. ఒక్క గాజు కూడా పగల్లేదని బావ ఒట్టేసి చెబుతాడు. మూడు పగిలాయని నేను విన్నాను. ఏడుగురిని ఎక్కించుకుని గాజుల అంగట్లో దూరి మూడు గాజులు మాత్రమే పగలగొట్టిన డ్రైవరు ఈ భూమ్మీద ఇంకొకడుంటే నాకు చూపించండి.

ఆయన పుట్టింది ఆలూరు దగ్గర ఒక పల్లెలో. పదహారో ఏట కరువు తరిమితే ఆదోనికి వచ్చి పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో చేరాడు. అక్కడ గాలి ఉండదు, దూది పొట్టు ఉంటుంది. పదేళ్లు అదే పీల్చాడు. రొమ్ము పట్టేసింది. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటే మింగేలోపు మూడుసార్లు దగ్గేవాడు. మా అక్క భీమక్కను ఇచ్చేటప్పుడు మా నాయన, "పిల్లోడు బంగారమప్పా, దగ్గొకటి ఉండాది" అన్నాడట. పెళ్లయిన ఏడాదికి ఆసుపత్రి డాక్టరు ఇంకా సూటిగా చెప్పాడు. ఆ పొట్టులో ఇంకో రెండేళ్లుంటే ఇక ఆసుపత్రికి రావలసిన పని ఉండదన్నాడు.

సరిగ్గా అప్పుడే ఎమ్మిగనూరు నూలు వ్యాపారి వీరేశం ఒక పాత కారు కొని బాడుగకు తిప్పాలనుకున్నాడు. బావ మిల్లు సేటు బండి తుడుస్తూ తుడుస్తూ స్టీరింగు పట్టుకోవడం నేర్చుకుని ఉన్నాడు. అలా డ్రైవరయ్యాడు. కిటికీలకు అద్దాల్లేని బండి. పద్దెనిమిది మైళ్ల ఎదురుగాలి రోజుకు నాలుగుసార్లు ముఖాన కొట్టేది. ఏ మందుకూ తగ్గని దగ్గు రెండేళ్లలో సగానికి దిగింది. పదిహేనేళ్లు అలా గడిచాయి. అయినా కార్తీకంలో మిల్లులు మొదలయ్యాయంటే, వాటి ముందునుంచి బండి పోయినంతసేపూ తువ్వాలు ముక్కుకు కట్టుకునేవాడు. ఆ మిల్లు గోడల వంక చూసేవాడు కూడా కాదు.

యాభైమూడులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా వదిలి కర్నూలు జిల్లాలో కలిసింది. ఊరంతా పండగ చేసుకుంది. మా బావకు మాత్రం బ్రేకు ఇన్‌స్పెక్టరు మారాడు.

వెనకటి ఇన్‌స్పెక్టరు బండిని ఎగువ రోడ్డులో పరీక్ష చేసేవాడు. ఎగువలో బ్రేకు అక్కర్లేకుండానే అది ఆయాసపడి ఆగేది. కొత్తాయన కోస్తా వైపు మనిషి. కుర్రవాడు, తెల్ల ప్యాంటు. మరుసటి ఏడు శ్రావణంలో ఆదోని ట్రావెలర్స్ బంగళాలో క్యాంపు పెట్టి, బంగళా ముందు దిగువ రోడ్డులో సున్నంతో రెండు గీతలు గీయించాడు. ఇరవై మైళ్ల వేగంతో వచ్చి మొదటి గీత మీద తొక్కాలి. రెండో గీత దాటకుండా ఆగాలి.

బావ తొక్కాడు. బండి మొదటి గీత దాటింది, రెండో గీత దాటింది, బంగళా దాటింది, పత్తి బస్తాల బండి కట్టుకుని నిలబడ్డ ఒక ఎద్దు ముఖంలోకి చూస్తూ ఆగింది. ఇన్‌స్పెక్టరు గీత దగ్గర నుంచి అంగలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, ఇది ఆగడమేనా?"

"ఆగింది గదా సార్."

"ఆ ఎద్దు లేకపోతే?"

"ఎద్దు ఉండాది గదా సార్."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. ముందు చక్రాల బ్రేకులు మార్చాలి, దసరా అయిన పదోనాడు ఇదే చోట మళ్లీ చూపించాలి, అప్పుడూ ఆగకపోతే ఈ బండి రోడ్డెక్కడానికి వీల్లేదని రాసిచ్చాడు.

ఆ కాగితం చూసి వీరేశం ఎక్కువ మాట్లాడలేదు. "ఉరుకుందప్పా, ఇంగోసారి గీత దాటితే దీన్ని పాత ఇనుముకు ఏసేస్తా. నీ మీద కోపం లేదు, నాకు ఇంగ ఓపిక లేదు" అన్నాడు. ఆ దారిలో బస్సులొచ్చాయి, ఆయన నూలు మూటలు వాటి మీద పోతున్నాయి. కారు పోతే ఆయనకు ఒరిగేదీ తరిగేదీ లేదు.

బావ నేరుగా నా అంగడికి వచ్చాడు. స్టేషను రోడ్డులో చిన్నప్ప సైకిలు షాపంటే నాదే. పేరుకే సైకిళ్లు. నాలుగో ఫారం మధ్యలో లెక్కల అయ్యవారికీ నాకూ పడక బడి వదిలేశానుగానీ, ఆదోనిలో ఏ యంత్రం మూలిగినా మొదట నన్నే తలుచుకునేది. ఒకసారి స్టేషనులో ఆగిపోయిన రైలింజను డ్రైవరు నా దగ్గర స్పానరు తీసుకుపోయాకే ఆ బండి బొంబాయి చేరింది. స్పానరు మాత్రం ఇంకా నన్ను చేరలేదు.

"ఇనుముకు పోయేది బండి గాదు చిన్నప్పా" అన్నాడు బావ, నా స్టూలు మీద కూర్చుని. "నేను. నలభై రెండేండ్లోనికి ఈ ఊర్లో ఇంగెవరు పనిస్తారు? మల్ల మిల్లే. ఆ పొట్టులోకి పోతే ఈ తూరి బయటికి రాను."

"బావా, నేనుండంగా నీకు భయమేంది? కడ్డీలు పీకి పారేస్తా. నూనె బ్రేకులేస్తా. తొక్కితే గోడకు కొట్టినట్టు నిలబడల్ల."

"నువ్వు ముందెప్పుడన్నా ఏసినావా?"

"ఏసినోళ్లను సూసినా."

"సూసినోళ్లను నేనూ సూసినాలే" అని ఆయన నిట్టూర్చాడు. కానీ ఆయనకు నేను తప్ప ఇంకెవరూ లేరు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే ఇంకొంచెం ఛాతీ పెంచాను.

బళ్ళారిలో యుద్ధం నాటి మిలిటరీ బండ్లను వేలంలో కొని విప్పి అమ్మేవాళ్లున్నారు. రెండు రోజులు ఆ తుప్పు గుట్టల్లో వెతికి, అదే జాతి బండి, తర్వాతి కాలంది పట్టుకున్నాను. దాని ముందు చక్రాల డ్రమ్ములు, సిలిండర్లు, పెడలు కింద ఉండే పెద్ద సిలిండరు, ఒకే ఒక్క సీసా బ్రేకు ఆయిలు గోనెసంచిలో కట్టుకుని రైలెక్కాను. పక్కనున్న పెద్దాయన సంచిని తట్టి "ఏమప్పా, ఇంత బరువుండాది?" అని అడిగితే "అత్తగారింటికి వంట పాత్రలు" అన్నాను. "శానా పెద్ద ఇల్లు" అన్నాడాయన.

అక్కడి నుంచి తిప్పలు మొదలయ్యాయి. కొత్త డ్రమ్ము పాత ఇరుసు మీద వదులు. వేలు దూరేంత సందు. పట్టీ చుట్టి చూశాను, రేకు ముక్క దూర్చి చూశాను. చక్రం తిప్పితే తాగినవాడిలా ఊగింది. ఆఖరికి ప్రెస్సింగు మిల్లులో ఫిట్టరు అబ్రహాం దగ్గరికి పోక తప్పలేదు. అబ్రహాం ముసలివాడు, తక్కువ మాట్లాడతాడు. అది నాకు నచ్చదు. ఎందుకంటే తక్కువ మాట్లాడేవాడు మన మాట వింటున్నాడో, మన తప్పులు లెక్కపెడుతున్నాడో తెలియదు. సందు కొలుచుకుని, లేతు మీద రెండు ఇనుప రింగులు తీసిచ్చాడు. వేస్తే కుండకు మూత కుదిరినట్టు కుదిరాయి.

వెనక చక్రాలకు పాత కడ్డీలే ఉంచి, ముందువి మాత్రం పెడలుకు కొత్తగా కలిపాను. నూనె పోశాను. బావ తొక్కితే పెడలు మెత్తటి దిండు మీద కాలు పెట్టినట్టు కిందికి పోయింది. గొట్టాల్లో గాలి ఉంది. గాలి తీయాలంటే ఒకరు పెడలు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర మర విప్పి బిగించాలి. నేను బండి కింద, ఆయన పైన.

"తొక్కు బావా."

"తొక్కితి."

"పట్టుకో."

"పట్టుకుంటి."

"వదులు."

"వదిల్తి. ఏమొచ్చె?"

"గాలి."

"గాలికి ఇంతగానం తొక్కాల్నా? గాలి కావాలంటే బయట ఊరకే దొరుకుతాది గదప్పా."

మూడు రోజులు ఇదే పాట. ఒక చక్రంలో గాలి పోతే ఇంకో చక్రంలో చేరేది. ఒక అతుకు బిగిస్తే ఇంకో అతుకు కారేది. బావ కాలు వాచింది. "నా కాలుకు గాలి తియ్యిరా ముందు" అని మొత్తుకున్నాడు. మా అక్క అన్నం గిన్నె తెచ్చి బండి పక్కన పెట్టి, "ఇద్దురూ కలిసి దాన్ని సంపుతాండారో, అది మిమ్మల్ని సంపుతాండాదో తెలీదు" అని పోయింది. నాలుగోనాడు పెడలు సగంలో రాయిలా నిలబడింది.

ఆ రోజు స్టేషను రోడ్డులో బండి ఆగిన తీరు చూడాలి. బావ పాత లెక్కలో దూరం నుంచే తొక్కాడు. బండి ఉన్న చోటే పాతుకుపోయింది. వెనక సీటువాళ్లు ముందు సీటుకొచ్చారు. మొదటి వారమంతా ఎమ్మిగనూరు జనాన్ని ఊరికి అర మైలు ముందే దించేశాడు. కాలికి కొత్త లెక్క ఎక్కలేదు మరి. నూలు చిలపల మూట నెత్తిన పెట్టుకుని దిగిన ఒక మగ్గం నేసే ఆయన అడిగేశాడు: "ఉరుకుందప్పా, మొన్నటిదాకా ఆగక సంపితివి, ఇప్పుడు ఊరు రాకముందే ఆపి సంపుతాండావు. మధ్యలో ఒకటి నేర్సుకోరాదా?"

నేను మాత్రం ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా టీ అంగడి ఒక్కటీ వదలకుండా ఈ బ్రేకుల కథ చెప్పాను. చెప్పినకొద్దీ బండి వేగం ఇరవై నుంచి నలభైకి, నలభై నుంచి అరవైకి పెరిగింది. ఆగే దూరం జానెడు దాకా తగ్గింది.

ఆయుధ పూజనాడు బండిని వీరేశం ఇంటికి తీసుకుపోవడం ఏటా ఉన్నదే. వాళ్లది మగ్గాల ఇల్లు. ఆ రోజు మగ్గం, అందులో ఆడే నాడె, కత్తెర, కుట్టుమిషను, తలుపు తాళం, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టి నూనె వేస్తారు. వీరేశం తల్లి గౌరమ్మ అవ్వ దగ్గరుండి చేయిస్తుంది. పాత నూనె ఒక్క చుక్క మిగలనివ్వదు. దీపపు కుందిలోనైనా, మిషనులోనైనా, పాతది గుడ్డతో అద్ది తీసి కొత్తది పోయాల్సిందే. పండగనాడు పని వస్తువు పాచి నూనెతో ఉండకూడదని వాళ్లింటి పట్టు.

అవ్వ పళ్లెం పట్టుకుని బండి చుట్టూ తిరుగుతుంటే నా నోరు ఊరుకోలేదు. ముందు సీటు కింద పలక ఎత్తి సిలిండరు మీది చిన్న డబ్బీ మూత తీసి చూపించాను.

"అవ్వా, ఈ డబ్బీ సూడు. ఈ బండి పానమంతా దీంట్లో ఉండాది. దీంట్లో నూనె తగ్గితే బండి ఆగదు."

"ఓయమ్మా! ఇంత డబ్బీలోనా?"

"ఇంత డబ్బీలోనే. ఈ పని సేసేటోడు మద్రాసులో గూడా లేడు."

"నువ్వు మద్రాసు ఎప్పుడు పోతివి?" అన్నాడు బావ. నేను వినిపించుకోలేదు. లోపల భక్ష్యాలు వడ్డించారంటే ఇద్దరం పోయి కూర్చున్నాం. ఆ పూట నేను పదకొండు తిన్నాను. ఇది కథ కాదు, నిజం.

పండగైన అయిదోనాడు ఆదోనికి వస్తుంటే దారిలో బనవాసి దగ్గర బండి ఆగిపోయింది. ఇంజను తిరుగుతోంది, చక్రాలు కదలవు. ముందు చక్రాల నుంచి పొగ, కాలిన వాసన. బావ తొక్కకుండానే బ్రేకు పట్టుకుంది. జనం దిగి తిట్టుకుంటూ నడిచిపోయారు. గంటసేపు వదిలేస్తే చల్లారి కదిలింది. మైలు పోయి మళ్లీ పట్టుకుంది. పద్దెనిమిది మైళ్లకు పొద్దు గూకింది. పక్కన పోతున్న ఎద్దుల బండ్లన్నీ ఆయన్ను దాటుకుంటూ, "ఏమప్పా ఉరుకుందప్పా, తాడు కట్టుకుంటావా?" అని అడిగి పోయాయి.

మా అంగడి ముందు బండి దిగి ఆయన ఒకే మాటన్నాడు. "ముందు ఆగకుండె. ఇప్పుడు పోకుండ సేసినావు. దీన్ని పని అంటారా చిన్నప్పా?"

రెండు రోజులు విప్పాను. డ్రమ్ములు విప్పాను, రింగులు విప్పాను. గొట్టాలన్నీ చూశాను. ఎక్కడా లోపం లేదు. లోపం లేకపోవడం కన్నా చిరాకు పుట్టించేది ఇంకోటి లేదు. బళ్ళారి సరుకు తప్పన్నాను. బావ పెడలు మీద కాలు తీయడన్నాను. చివరికి అబ్రహాం రింగు వంకరన్నాను. ఆ మాట ఎవరో ఆయన చెవిన వేశారు. మధ్యాహ్నం మిల్లు ఈలకు ఆయనే వచ్చాడు.

"చిన్నప్పా, నా రింగు వంకరయితే నా సెయ్యి నరుక్కో. ముందు నోరు మూసుకుని ఆ డబ్బీ మూత తెరువు."

తెరిచాను. ఆయన వేలు ముంచి వాసన చూసి, నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఇది బ్రేకు ఆయిలు గాదు. మిరపకాయ బజ్జీలు కాల్సే నూనె."

బావ నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. "సీసా సాలలేదని శెనక్కాయ నూనె పోసి నా కడుపు కొడితివా? సొంత బామ్మర్దివే!"

"బావా, మా అక్క మీద ఒట్టు, నేను కాదు."

"నీ ఒట్లు నాకు తెల్దా? రైలింజనుకు స్పానరిచ్చినోనివి గదా!"

అబద్ధాలు చెప్పేవాడికి వచ్చే తిప్ప ఇదే. నిజం చెప్పే రోజున సాక్షి ఉండడు. మా అక్క కూడా మొగుడి పక్కనే నిలబడింది. సిలిండరు విప్పితే లోపలి రబ్బరు గిన్నె ఉబ్బి పూరీలా ఉంది. నూనె తిరిగి వెనక్కి వచ్చే చిన్న రంధ్రాన్ని అది మూసేసింది. అందుకే తొక్కిన బ్రేకు వదలడం లేదు. చక్రాల దగ్గరి రబ్బర్ల దాకా ఆ నూనె ఇంకా పోలేదు, అంతవరకు మేలు.

సంగతి వీరేశానికి చెప్పక తప్పదు. ఇద్దరం ఎడముఖం పెడముఖంగా ఎమ్మిగనూరు బస్సెక్కాం. వాళ్లింటి వాకిట్లో నిలబడి చెబుతుంటే లోపల్నుంచి గౌరమ్మ అవ్వ వచ్చింది.

"నేనే పోసినానప్పా. ఆ డబ్బీలో నూనె కమురు కంపు కొడతాండె. దూది ఒత్తితో అద్ది తీసేస్తి. గానుగ నుంచి అప్పుడే వచ్చిన శెనక్కాయ నూనె అంచుదాకా పోస్తి. ఆయప్పే సెప్పె గదా, అది తగ్గితే బండికి పానం పోతాదని" అని నన్ను చూపించింది. "దేవుని దీపానికి పోసిన నూనే. యాల, ఏమైంది?"

బావకు ఎన్ని మాటలు గొంతు దాకా వచ్చాయో నాకు తెలుసు. యజమాని తల్లి, పండు ముసలి, ఈ బండి నాలుగు కాలాలు తిరగాలని పోసింది. "ఏం లేదవ్వా" అని చేతులు జోడించి వెనక్కి తిరిగాడు. గేటు దాటాక నా వీపు మీద ఒకటి చరిచాడు. అవ్వకు పడాల్సింది కూడా నాకే పడింది. పదకొండు భక్ష్యాల బలం ఉండబట్టి నిలబడ్డాను.

వీరేశం వెనక నుంచి పిలిచాడు. "మూడు దినాలుండాది ఉరుకుందప్పా. ఆ ఇన్‌స్పెక్టరు ముందర గీత దాటితే మాత్రం మాట మాటే."

రబ్బరు గిన్నె కోసం బళ్ళారి పోయాను, లేదు. గుంతకల్లులో దిగి అడిగాను, లేదు. మద్రాసుకు రాస్తే పది రోజులు. చేతులు ఊపుకుంటూ తిరిగొచ్చేసరికి ఒక రోజు పోయింది. బావ బండి పక్కన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అబ్రహాం ఆ ఉబ్బిన రబ్బరును అరచేతిలో వేసుకుని చూస్తున్నాడు.

"మా మిల్లులో ప్రెస్సు పత్తిని ఎట్ల అదుముతాదో ఎప్పుడన్నా సూసినావా?" అని అడిగాడు నన్ను. "నీళ్ల బలం. మనిషంత లావు ఇనుప స్తంభం లేస్తాది. నీళ్లు కారకుండా దాని సుట్టూ ఉండేది రబ్బరు గాదప్పా, తోలు. ఆ తోలు గిన్నెలు ఇరవై ఏండ్లుగా నేనే ఒత్తుతాండా."

నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. నా జీవితంలో అది రెండోసారి.

ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావికి తోలు బానలు కుట్టేవాడి దగ్గర కొత్త తోలు ముక్క తెచ్చాం. అబ్రహాం దాన్ని గోరువెచ్చని ఆముదంలో నానబెట్టి, ఇనుప అచ్చులో పెట్టి మరతో బిగించాడు. మొదటిది అంచు చిరిగింది. రెండోది మిల్లులో ఎండిపోయి ముడుచుకుంది. మూడోది పరీక్ష ముందురోజు మధ్యాహ్నానికి గిన్నె రూపంలో బయటికొచ్చింది, అరచేతిలో బొమ్మ టోపీలా. బ్రేకు ఆయిలు లేదు కాబట్టి ఆముదంలో వడ్రంగి దగ్గరి పాలిషు స్పిరిటు కలిపి పోశాం.

"సారాయి ఆపేసినారు గదప్పా ఊర్లో. ఇది బండికి తాపితే కేసు పెట్టరా?" అన్నాడు బావ. తర్వాత తనలో తను గొణిగాడు: "కడ్డీలు పోయి రబ్బరొచ్చె. రబ్బరు పోయి తోలొచ్చె. ఇంగ దీనికి ఎద్దుల్ని కట్టేదొకటే తక్కువ."

మళ్లీ తొక్కు, పట్టుకో, వదులు. ఈసారి ఆయన నాతో అంతకు మించి ఒక్క మాటా మాట్లాడలేదు. పెడలు గట్టిపడింది. పలక కింద చూస్తే తోలు అంచున ఒక నూనె చెమట. తుడిస్తే పోతుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది. దాన్నేం చేయలేకపోయాం.

పదోనాడు బంగళా ముందు సున్నపు గీతలు మళ్లీ పడ్డాయి. వీరేశం వచ్చి చెట్టు నీడన నిలబడ్డాడు. బావ దిగువ రోడ్డులో వచ్చి గీత మీద తొక్కాడు. ముందు చక్రాలు కీచుమని రెండో గీతకు మూరెడు ఇవతల ఆగాయి. "మళ్లీ" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మళ్లీ మూరెడే. మూడోసారి బావను దింపి తనే ఎక్కాడు. ఆయన తొక్కిన తొక్కుకు ఆయన కళ్లజోడే ఎగిరి పడింది. బండి మాత్రం గీత తాకలేదు.

ఇక కాగితం రాస్తాడనుకున్నాం. ఆయన వంగి సీటు కింద పలక ఎత్తాడు. నూనె చెమటను వేలితో తుడిచాడు.

"ఇదేమిటి?"

నేను ముందుకొచ్చాను. "సార్, ఇది జర్మనీ—"

బావ నా కాలు తొక్కాడు. "తోలు సార్" అన్నాడు. "కపిల తోలు. రబ్బరు సెడిపోయె, యాడా దొరకలే. మిల్లు ప్రెస్సుకు ఏసినట్ల ఏసినాము. నూనె ఆముదం."

వీరేశం తల పక్కకు తిప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క అబద్ధం, ఒకే ఒక్క చిన్న అబద్ధం నన్ను చెప్పనిచ్చి ఉంటే! ఇన్‌స్పెక్టరు మళ్లీ పెడలు నొక్కి, నొక్కిపెట్టి వాచీ చూసుకున్నాడు. నిమిషం. రెండు నిమిషాలు. పెడలు దిగలేదు. కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని రాశాడు.

"ఆరు నెలలు. ఆ లోపల సరైన రబ్బరు వేయించి చూపించండి."

"సార్, అందరికీ సంవత్సరం ఇస్తారు గదా!" అన్నాను.

"ఆగింది కాబట్టి ఇచ్చాను. తోలు కాబట్టి ఆరు నెలలిచ్చాను" అని ఇంకో బండి దగ్గరికి పోయాడు.

వీరేశం కాగితం చదివి బావ చేతికిచ్చి, "సరే, తిప్పుకో" అని వెళ్లిపోయాడు. నేను ఆగలేకపోయాను. నెలన్నర బండి కింద పడుకున్నాను, బళ్ళారికి రెండుసార్లు పోయాను, వీపు మీద దెబ్బ తిన్నాను, అంతా చేస్తే సగం కాగితం! "తోలని సెప్పమని ఎవరడిగిరి నిన్ను? నన్ను మాట్లాడనిచ్చింటే రెండేండ్లకు రాయిస్తుంటి!"

బావ వినడం లేదు. వేళ్లు మడుస్తున్నాడు. "కార్తీకం, మార్గశిరం, పుష్యం..." ఆరో వేలు దగ్గర ఆగి నన్నడిగాడు. "మిల్లులు ఎప్పుడు మూస్తారు చిన్నప్పా?"

"సైత్రానికి పత్తి అయిపోతాది. యాల?"

"అయితే ఈ ఏడు మిల్లుకు పోయే పని లేదు."

ఆ ఒక్క మాటే అన్నాడు. కాగితం మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, తలుపు తీసి నిలబడి గొంతెత్తాడు. "ఎమ్మిగనూరు! ఎమ్మిగనూరు!" ఊపిరి తీసుకోకుండా ఆరుసార్లు అరిచాడు. జనం మూటలతో వచ్చి ఎక్కారు. నేను ముందు సీట్లో సర్దుకుని కూర్చోబోతుంటే తువ్వాలుతో అదిలించాడు.

"దిగప్పా, దిగు. బాడుగ ఇచ్చేటోళ్లు ఉండారు. నువ్వు పోయి రబ్బరుకు మద్రాసుకు జాబు రాయి."